కంప్యూటర్ దించిన పళ్ళసెట్టు

రాజమండ్రిలో పళ్ళసెట్లు చేసే లాబ్‌లో బుల్లిరాజు గారి ఉద్యోగం. ఆదివారం రామచంద్రపురంలో ఇంటికి వచ్చారంటే, అమ్మణ్ణి టీకొట్టు బల్ల మీద ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండదు. లాబ్‌లోకి కొత్తగా కంప్యూటర్ వచ్చాక మరీను.

"మైనం కరిగించడం, చేత్తో చెక్కడం, అదంతా పాతమాటండి. ప్లాస్టర్ అచ్చుని మిషన్‌లో పెడితే నోరంతా తెరమీదికొచ్చేస్తుంది. మౌస్‌తో గీత గీస్తే చాలు, పక్క పన్నుని పట్టుకునే క్లిప్పుతో సహా మిషనే నమూనా దించేస్తుంది. దాన్ని లోహంలో పోత పోసుకోడమే. అలా నేను చేసిన మొట్టమొదటి సెట్టు ఎవరికనుకున్నారు? మా ఆవిడకి! పెట్టుకున్న పూటే జంతికలు కరకరా నమిలేసింది."

"మన పాపాయమ్మగారేనాండీ?" అంది అమ్మణ్ణి గ్లాసులు కడుగుతూ.

"ఆవిడే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెరుకుగడ కణుపులతో సహా నమిలింది. మర్నాడు కొబ్బరికాయ పీచు పంటితోనే ఒలిచేసింది. కాయలొలిచేవాడు తన పని పోయిందని ఒకటే ఏడుపండి!"

"ఇంకా నయం, చెట్టెక్కలేదు," అన్నాడు పక్కన టీ తాగుతున్న పల్లంరాజు.

"ఎక్కడమెందుకండీ? మొదలు కొరికితే చెట్టే దిగొస్తుంది! అది కాదు, అసలు సంగతి వినండి. రేవులో తాడు తెగి, బండ్లని ఏరు దాటించే పంటు గోదాట్లో కొట్టుకుపోతోంది, దాని మీద పెళ్ళివారి బస్సు. మా ఆవిడ కుచ్చెళ్ళు దోపి, ఆ తాడు పంటితో పట్టిందండి. పంటు ఆగింది. పంటేంటి, గోదారే కాసేపు ఆగింది!"

అందరూ పగలబడి నవ్వారు. మూలన కూర్చున్న బావమరిది చంద్రరావు మాత్రం నవ్వలేదు.

"బావగారూ, ఆ సెట్టుకి కొలత ఎప్పుడు తీశారండి?"

"కొలతెందుకయ్యా? మీ అక్క పాత అచ్చు లాబ్‌లో ఉందిగా. ఆ నోరు నాకు తెలీదా?"

"క్లిప్పు పట్టుకోవాల్సిన పన్ను అప్పటికే పీకించేసుకుందండి. మీరు రాజమండ్రిలో ఉంటే నేనే తీసుకెళ్ళాను. ఆ సెట్టు నోట్లో ఒక్క పూట నిలవలేదు. మీరొచ్చినప్పుడు పెట్టుకుని, ఊడిపోతుందని కొంగు అడ్డం పెట్టుకుంటుంది. అన్నం మెత్తగా పిసుక్కుని మింగుతోందండి. మీరు ముచ్చటపడి చేశారట, చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

బుల్లిరాజు గారి చేతిలో టీ చల్లారిపోయింది. ఆయన తిని చెయ్యి కడుక్కున్నాకే పాపాయమ్మ కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్తుంది. అదేదో మర్యాద అనుకున్నారాయన. ఆవిడ తింటుండగా చూసి ఎన్నాళ్ళయిందో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. జిల్లాలో అందరి నోళ్ళూ తెరమీద తిప్పి తిప్పి చూసిన మనిషి! సిగ్గుతో తల ఎత్తలేకపోయారు. టీ అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టారు.

ఇంటికెళ్ళేసరికి పాపాయమ్మ ఆయనొక్కరికే కంచం పెట్టి ఉంచింది.

"నీ కంచం కూడా ఇక్కడే పెట్టు," అన్నారు.

"ముందు మీరు కానివ్వండి. నాకేం తొందర?" అంటూ నవ్వి, అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బుల్లిరాజు గారు పీట మీంచి లేచి, కిటికీ తలుపు బార్లా తెరిచి ఆవిడ దగ్గరికొచ్చారు.

"ఆ కొంగు తియ్యవే పాపాయీ. నీ నోరు ఒక్కసారి చూడనీ."