తెలుగులో ఇంగ్లీషు పాఠం

తమిళనాట పీలమేడులో ఆఫీసు ఊడ్చే పని ముగించుకుని ఇద్దరాడవాళ్లు బస్సు కోసం నిలబడ్డారు. పెద్దామె ఫోనులో ఇంగ్లీషు నేర్పే యాప్‌ను చిన్నామె చూస్తోంది.

"ఏందక్కా, మూడు నెలలైనా మొదటి పాఠంలోనే ఉండావే!"

"ఊఁ."

"తెలుగులో చెప్పేది పెట్టుకుంటివి, అందుకే. నువ్వు చదివింది తమిళం కదా? మార్చి ఇస్తా ఉండు."

"వద్దు, మార్చొద్దు."

"తెలుగు చదవను రాదే నీకు?"

"వినను వచ్చు కదా. 'బాగుండారా అని అడగాలంటే హౌ ఆర్ యూ అనాల' అంటాది ఇందులో మాట్లాడే పిల్ల."

"సరి, రెండో పాఠం?"

"అది బ్యాంకులో మాట్లాడేది. మీ బావ పోయినాక మా ఇంట్లో తెలుగులో బాగుండారా అనేది ఆ పిల్ల ఒకతే."