మోచెయ్యి ఆనే చోటు

వాకిట్లో నిలిపిన కారులో ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని, ఊడొచ్చిన డోరు పట్టీకి జిగురు రాసి బొటనవేలితో అదిమి పట్టింది. పక్క సీట్లో భర్త.

“ఏడాది నిండని కారుకి ఇదేం ఖర్మండీ? సరిగ్గా మోచెయ్యి ఆనే చోటే అరిగి ఊడింది.”

“ఎండకి ఊడుంటుందిలే.”

“ఇన్సూరెన్సాయన ఫోన్ చేశాడు. ఈసారి ఇంకా ఎక్కువట. కారు తక్కువ తిరిగుంటే తగ్గిస్తాడట, మీటరు చూసి చెప్పమన్నాడు.”

“నేను చెప్తాలే, నువ్వు దిగు.”

“చెయ్యి తీస్తే మళ్లీ లేస్తుంది. ఆ తాళం కాస్త తిప్పండి.”

అతను తటపటాయించి తిప్పాడు. మీటరు వెలిగింది.

“ఇంతేనా? రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే కారేనా ఇది?”

“పార్కు వెనకాల ఆపుకుని కూర్చుంటున్నాను. సాయంత్రం దాకా.”

“ఉద్యోగం?”

“కారు కొన్న నెలకే తీసేశారు.”

“మరి జీతమని నా చేతిలో పెడుతున్నది?”

“దాచుకున్నది. ఈ నెలతో సరి.”

ఆమె వేలు పట్టీ మీంచి కదల్లేదు.

“నా వంకాయ కూర ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారన్నారు?”

“నేనే మెచ్చుకున్నాను.”

ఆమె అడిగింది.

“రేపు క్యారేజీ కట్టనా?”

“కట్టు. మన పిల్లలు చూస్తుంటారు.”