ఫోటోల మొగులు

(కోరుట్లలో పసుపు వ్యాపారి గంగాప్రసాద్. హైదరాబాద్‌లో మబ్బుల మీద, గాలుల మీద పరిశోధన చేస్తున్న ఆయన కూతురు అలేఖ్య. ఫోన్లో.)

“నేను పంపిన ఫోటో నర్సింగం మామకు చూపెట్టినవా బాపు?”

“చూపెడ్తే ఏమాయె? మా బిడ్డ శాటిలైట్ల చూసిందన్న. అబద్ధమా?”

“నేనేం చెప్పిన నీకు? గది పైపైన పోయే పల్చటి మొగులు, వాన పడదని చెప్పిన.”

“తెల్లగనైతే ఉన్నది గద. ఇబ్రహీంపట్నంల నర్సింగం పసుపు చేను మీదనే ఉండె.”

“తెల్లగున్నదంత వాన గాదు. అరగంటకో ఫోటో అస్తది. మొగులు ఎంత జరిగిందో చూసి గాలి లెక్క కడ్తం. గది పక్కకు పోయేదే. నీకు అర్థమయ్యేటట్టు చెప్పిన.”

“నాకు అర్థమైంది. నర్సింగానికి కాలే. గంతే.”

“ఉడకవెట్టిన పసుపు ఆరకముందే నీకిచ్చిండట.”

“ఇయ్యక? రాళ్లవాన అంటే ఎవ్వనికి భయం గాదు. సగం ధర అన్న. సరే అన్నడు.”

“నాకు ఫోన్ చేసి ఏడ్సిండు బాపు. ఏడ్సుకుంటనే, నువ్వు చెప్పవట్టి గింతన్న దక్కింది బిడ్డా అని దండం పెట్టిండు. నాకు దండం.”

“సూసినవా. నీ సదువు గిప్పటికి అక్కరకచ్చింది.”

“నవ్వుతున్నవా?”

“ఏడువాల్నా?”

“పసుపు యాడుంది?”

“మన మిల్లు ముంగట ఆరవోయించిన.”

“అంతనా?”

“అంత. ఎందుకు?”

“పరదాలు కప్పినవా?”

“వాన లేదంటివి, పరదాలెందుకు? కూలోళ్లను గూడ పంపిన.”

“పోయిండ్రా?”

“పోయిండ్రు. ఏంది, గట్ల అడుగుతున్నవ్?”

“గాలి మళ్లింది బాపు. మహారాష్ట్ర దిక్కుకెల్లి పెద్ద మొగులు అస్తున్నది. పొద్దుగాలనే చూసిన. గిది ఒట్టి మొగులు గాదు.”

“పొద్దుగాల చూసి గిప్పుడు చెప్తున్నవా?”

“కూలోళ్లు పోవాలని ఆగిన. బయటికి పోయి చూడు.”

“ఆగు... అవు. నల్లగైంది. చినుకులు గూడ మొదలైనయ్.”

“నాననియ్. ఒక్క కొమ్ము మిగలద్దు. నర్సింగం మామ ఏడ్సినట్టు నువ్వూ ఏడువాలె.”

“నేనెందుకు ఏడుస్త? ఇంక తూకం గాలే, పైసలియ్యలే బిడ్డా. మంచిగ ఎండినంకనే కాంటా పెడ్త అన్న, ఒప్పుకున్నడు. గప్పటిదాక తడిసినా కుళ్లినా గది నర్సింగానిదే.”