వెంగమ్మ చుట్టకుదురు

ఈ కత నాకు మొట్టమొదట చెప్పింది మా మేనత్త ఓబులమ్మ. ఆమెకి చెప్పింది వాళ్ళత్త. ఆ అత్త కళ్ళారా చూసిన మనిషి. కాబట్టి నేను చెప్పేదాంట్లో వంకర ఉండదు. వేరేవాళ్ళు దీన్ని వేరేగా చెప్తారు. వాళ్ళ సంగతి నాకు తెలుసు, ఆఖర్న చెప్తా. గమ్మున వినండి.

వెంగమ్మని ఒకామె. మా ఊళ్ళోనే, పడమటి బజారు. ఆమెకి శుభ్రం ఎక్కువ, అనుమానం ఇంకా ఎక్కువ. చేద బావిలో వేసినా తాడు కొసకి ముడేసి చేతికి చుట్టుకునే మనిషనుకో. ఇంట్లో ఒక చూడి బర్రె ఉండేది, నుదుట తెల్లచుక్క, దాని పేరే చుక్కి. అది ఈనింది, పెయ్యదూడ. అంతలోకే శివరాత్రి వచ్చింది. వెంగమ్మ అత్త కాలు విరిగినప్పుడు శ్రీశైలం నడిచొస్తామని మొక్కుకున్నారంట. కాలు అతుక్కుంది, మొక్కు మిగిలింది. మొగుడు పేరయ్య, అత్త, వెంగమ్మ, ముగ్గురూ పోవాల. మరి ఇల్లెవరు చూడాల, గొడ్డునెవరు చూడాల? మాలకొండమ్మని పిలిచారంట. ఈ మాలకొండమ్మ పక్క సందులో ఉండేది, మొగుడు లేడు. ఆమెకీ ఒక బర్రె ఉండేదంట గానీ గాలికుంటు రోగమొచ్చి పోయింది. గొడ్డు పోయినా గుంజ పీకలా. ఉత్త గుంజ. రోజూ పొద్దున్నే దాని చుట్టూ ఊడ్చి కళ్ళాపి జల్లేది. ఎందుకే అంటే, "ఎప్పుడన్నా రాకపోతదా" అనేదంట. అది తెలిసే పేరయ్య నలుగురి ముందరా చెప్పాడు. "అమ్మే మాలకొండమ్మా, మేం తిరిగొచ్చేసరికి బర్రె పాల మీదుండి, దూడ ఆరోగ్యంగా ఉంటే, పాలు మరిచినాక ఆ పెయ్యదూడ నీది" అని.  ఆమె సరేనని తలూపింది.

ఇక్కడ ఒకటి చెప్పాల. మా ఊళ్ళో ఇల్లు ఒకరి చేతిలో పెట్టిపోతే ఉత్తినే పోరు. అప్పగింత సామానని ఉంటది. కాపలా ఉండే మనిషి దేనికీ ఒకరి గడప తొక్కే పని లేకుండా, అన్నీ తెచ్చి వసారాలో పెట్టి, చేత్తో తాకి చూపించి పోవాల. వెంగమ్మ ఆ విషయంలో గట్టిది, కాదన్లేం. బియ్యం, జొన్నపిండి, ఉప్పు, చింతపండు, ఎండుమిరప్పళ్ళు పెట్టింది. బుడ్డీ, కిరసనాయిలూ, అగ్గిపెట్టె. చీపురు, పేడతట్ట. బర్రెకి చొప్ప, తవుడు, గానుగ చెక్క. పలుపు తెగితే ఇంకో పలుపు. దూడకి కడుపుబ్బితే వాము. "ఇదిగో మ్మే, ఇది ఇందుకు, ఇది అందుకు" అని ఒక్కోటి చూపిస్తంటే అత్త అరుగు మీద కూర్చుని, "ఇంక నన్ను కూడా ఇక్కడే పెట్టిపోవే, అప్పగింతలోకి వస్తా" అందంట. నవ్వకండి, ఆ ముసలామె మాటే అంత.

అప్పుడు మాలకొండమ్మ అడిగింది, "అక్కా, కుక్కకేం పెట్టాల?" అని. బూచోడని ఒక ఎర్ర కుక్క ఉండేది. వెంగమ్మ, "కుక్కదేముందే, ఊరంతా దానిల్లే, యాడన్నా తింటది" అంది. సరే అని మాలకొండమ్మ ఇంకోటి అడిగింది. "బర్రె నీ చేతికి తప్ప చేపదు కదక్కా. నువ్వు కట్టి విడిచిన కోక ఒకటి దండెం మీద వదిలిపో. అది కట్టుకుని కూర్చుంటే వాసనకి చేపుతది." చేపడమంటే తెలుసుగా, బర్రె మనసుపడి పొదుగులోకి పాలు దించడం. మనం లాగితే వచ్చేది కాదది, అది ఇస్తే వచ్చేది. మాలకొండమ్మ అడిగింది న్యాయమే. కానీ ముందు రోజే ఏమైందంటే, పక్కింటి సింగారమ్మ వెంగమ్మ చెవిలో ఊదింది. "ఏమోనమ్మా, కట్టి విడిచిన గుడ్డ ఒకరి చేతుల్లో పెట్టి దూరం పోతారా ఎవరన్నా? ఎవురికన్నా ఇచ్చి మంత్రిస్తే? ఒళ్ళంతా పుండ్లై లేవలేవు" అని. అసలే అనుమానం మనిషి. ఆ పూటే ఇంట్లో ఉన్న గుడ్డల్నన్నిటినీ చాకలిరేవుకి తోలింది. చౌడుమన్నేసి ఉడకబెట్టించి, ఆరినియ్యి ఆరినట్టు పెట్టెలో పెట్టి తాళమేసి, తాళం మీద కుంకుమబొట్టు పెట్టి, తాళంచెవి మొలలో దోపుకుంది. ఇప్పుడు ఈమె పాత కోక అడిగేసరికి మొహం మాడిపోయింది. కానీ పరువు పోకూడదు కదా. "నా ఇంట్లో ఉండి పాతయ్యి కట్టుకోవడమేందే, ఇదిగో కొత్తదే కట్టుకో" అని మడత విప్పని చీర ఒకటి ఇచ్చింది. గంజి వాసన తప్ప ఇంకే వాసనా లేదు దానికి. బయట పేరయ్య కేకలేస్తన్నాడు. గొడ్లసావిట్లో మేకుకి ఉండాల్సిన చుట్టకుదురు ఒకటి కనపళ్ళేదంట, పాతగుడ్డ చుట్టి గడ్డితట్ట కింద నెత్తిన పెట్టుకునేది. దాన్నీ పెట్టెలో వేద్దామని వెతికింది, లేదు. పొయ్యిలో పోయుంటదిలే అనుకుని బయల్దేరింది. ఇది గుర్తుపెట్టుకోండి.

వాళ్ళట్టా పోయారు, ఇక్కడ మొదలైంది. మాలకొండమ్మ కొత్త చీర కట్టుకుని చెంబు పట్టుకుని కూర్చుంటే, చుక్కి ఒక్క తన్ను తన్నింది, చెంబు పోయి తొట్టి కింద పడింది. తవుడు పెడితే తినింది, చెక్క పెడితే తినింది, పాలు మాత్రం ఎత్తేసుకుంది. పాట పాడింది, మెడకింద గోకింది, లాభం లేదు. దూడనొదిలితే దూడకి మాత్రం చేపుతది, మనిషి చెయ్యేస్తే బిగబట్టుద్ది. పోనీ దూడనే తాగనిద్దామా అంటే అన్ని పాలు పసిదూడకి అరగవు. తాగి తాగి పారుకుంది, తోక కిందంతా తడే, చెవులు వేలాడేసింది. సరే దూడని ఆపుదామా అంటే పొదుగు గట్టిపడి రాయయిపోతంది, ముట్టుకుంటే వేడి. ఇటు చూస్తే దూడ పోయేట్టుంది, అటు చూస్తే బర్రె పాలు పోయేట్టున్నయ్యి. ఏది పోయినా ఈమె గుంజ ఉత్తదే. పైగా ఊరంతా ఏమంటది, నమ్మి ఇల్లప్పగిస్తే గొడ్డుని చంపిందంటది.

అప్పుడొచ్చిందంట సింగారమ్మ, గోడ మీద నించి తలకాయ పెట్టి. "ఏందే మాలకొండమ్మా, అంత యాతన ఎందుకు? పెట్టెలో దాని కోకలుంటయ్యి. రాయి పెట్టి కొట్టు, తాళమెంత! ఎవరు చూడొచ్చారు?" అని. మాలకొండమ్మ, "నువ్వు చూస్తన్నావుగా వదినా" అంది. "నేనెవరికి చెప్తా!" "నువ్వు చెప్పకపోయినా దూడకి తెలుస్తది. నా గుంజకి కట్టేసుకున్నాక దాని మొహం నేనెట్ట చూడాల?" అని లోపలికి పోయిందంట. పోయి వసారాలో కూర్చుని ఏడ్చింది. ఏడవక ఏం చేస్తది, మనిషే కదా.

ఏడుస్తా ఉంటే బూచోడు కనపడ్డాడు. వాడి సంగతే మర్చిపోయిందా? లేదు లేదు, సరిగ్గా వినండి. ఆమె రోజూ తన సంగట్లో సగం చిప్పలో పెట్టి వాడి ముందర పెడతానే ఉంది, అప్పగింతలో చెప్పకపోయినా. వాడే తినడంలా. గడ్డివామి వెనక గుంటలో పడుకుని ఊరి దారివంక చూస్తా ఉండేవాడు. దగ్గరికి పోతే గుర్రుమనేవాడు. ఆ పూట ఆమె, "ఒరే, నీకూ దిక్కులేదు, నాకూ దిక్కులేదు, రా తిందాం" అని చిప్ప గుంట పక్కనే పెట్టి, తనూ అక్కడే చతికిలబడి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమె తింటంటే వాడూ లేచొచ్చి తిన్నాడు. వాడు లేచిన చోట చూస్తే ఏముంది? చుట్టకుదురు! వెంగమ్మది. ఆమె మూట కట్టడం చూసి, పోతందని తెలుసుకుని, ముందే మేకు మీద నించి లాక్కొచ్చి కడుపు కింద పెట్టుకున్నాడు వాడు. మాలకొండమ్మ తీసి ముక్కు దగ్గర పెట్టుకుందంట. ఆముదం వాసన, చెమట వాసన, పచ్చిగడ్డి వాసన. కొబ్బరినూనె అంటారు కొందరు. ఆ రోజుల్లో మా ఊళ్ళో తలకి కొబ్బరినూనె ఎవరు రాశారు? ఆముదమే.

చుట్ట విప్పితే బారెడు పాత చీరముక్క. తలకి చుట్టుకుంది. వెంగమ్మ పాలు పితికేటప్పుడు తల బర్రె డొక్కకి ఆనించి పితికేదంట, ఈమె కూడా అట్టాగే ఆనించి కూర్చుంది. చుక్కి తల తిప్పింది. ముట్టె పెట్టి ఆ గుడ్డని వాసన చూసింది. చూసి, బుస్సుమని ఒక ఊపిరొదిలి, తోక దించేసిందంట. చేపింది! చేపిందమ్మా! మొదటి ధార చెంబులో పడ్డ చప్పుడుకి మాలకొండమ్మకి మళ్ళీ ఏడుపొచ్చిందంట, అది వేరే ఏడుపు. ఇక్కడ మా మేనత్త ఎప్పుడూ కాసేపు ఆగేది. నేనూ ఆగుతా.

ఊ. ఇంక అప్పట్నించి ఎట్టా అంటే, పొద్దున వాడి దగ్గర గుడ్డ తీసుకోవడం, పితికినాక వాడి గుడ్డ వాడికిచ్చెయ్యడం. ఇయ్యకపోతే వాడూరుకోడు, వెనకాలే తిరుగుతా మొరుగుతాడు. మాపటేళా అంతే. పొదుగు మెత్తబడింది. దూడకి తాగాల్సినంతే వదిలి, వాము నీళ్ళు పోసి, పారుడు కట్టించింది. దూడ గంతులేసింది.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు పొద్దున్నే, ఊరి మొదట్లో ఎదురుపోయిందెవరనుకున్నారు? సింగారమ్మే. "వదినా, ఇంటికి పోయి పెట్టె చూసుకో. నీ గుడ్డ తలకి చుట్టుకుని పితుకుతంది, నా కళ్ళతో చూశా" అని. వెంగమ్మ నడిచి నడిచి కాళ్ళు పగిలున్నయ్యి, అయినా పరిగెత్తింది. వచ్చేసరికి మాలకొండమ్మ బర్రె కింద కూర్చోనుంది, తలకి ఆ గుడ్డే. "మ్మే! లేవే! నా గుడ్డ నీకెక్కడిది? పెట్టె తీశావా? ఎవురికిచ్చి ఏం చేయించావే నన్ను? దార్లో నాకు జరమొచ్చింది!" అని ఒకటే కేకలు. ముసలామె వెనక నించి, "జరం రాక, చన్నీళ్ళల్లో మునిగితే!" అంటంది, ఎవరు వింటారు. మాలకొండమ్మ లేవలా. "బర్రె చేపుంది అక్కా, మధ్యలో లేస్తే మళ్ళీ ఎత్తేసుకుంటది, కాసేపాగు" అందంట. చూశారా, తన పరువు పోతంటే కూడా పొదుగు సంగతే చూసింది.

వెంగమ్మ లోపలికి పోయి పెట్టె చూసింది. తాళం వేసినట్టే ఉంది. బొట్టు పెట్టినట్టే ఉంది. సింగారమ్మ వాకిట్లో నిలబడి, "బొట్టెంతలే, మళ్ళీ పెట్టుకోవచ్చు" అంది. అదుగో, అప్పుడు చెంబు నిండింది. మాలకొండమ్మ లేచి, చెంబు అరుగు మీద పెట్టి, తలగుడ్డ విప్పి, రోజూ లాగే చుట్టజుట్టి నేల మీద పెట్టింది. బూచోడొచ్చాడు. వెంగమ్మ కాళ్ళు ఒకసారి నాకాడు, తోకాడించాడు, అయినా పని మర్చిపోలా. గుడ్డ నోట కరుచుకుని వామి వెనక్కి పోయాడు. అందరూ వెనకే పోయి చూస్తే, గుంట, గుంటలో గుడ్డ, గుడ్డ మీద వాడు, పక్కన సంగటి చిప్ప. ముసలామె పడీపడీ నవ్విందంట. "నీ గుడ్డని మంత్రించిందెవురో తెలిసిందా కోడలా? ఊరంతా దానిల్లే అన్నావే, అదే!"

 తప్పయిందనే మాట వెంగమ్మ నోటికి చేతకాదు. కానీ పాలు మరిచిన రోజున దూడని పేరయ్య చేత పంపించలా, తనే తోలుకొచ్చింది, కొత్త పలుపు వేసి. మాలకొండమ్మ గుంజకి తన చేత్తో కట్టేసింది. పేడతట్ట, తవుడు, చెక్క, అన్నీ వసారాలో పెట్టి ఒక్కోటి తాకి చూపించింది. అంతా అయినాక చంకలో మూట విప్పింది. అది తను ముందురోజంతా కట్టుకుని పనిచేసిన కోక, ఉతకంది. దాన్ని దులిపి, బజారుకి కనపడేట్టు దండెం మీద ఆరేసింది. "దూడ కొత్తచోట బెంగపెట్టుకుంటది, వాసనకి ఉండనియ్యి" అని, అప్పటికే గోడవతల చేరి చూస్తన్న సింగారమ్మకి వినపడేట్టు, "మంత్రించుకునేవాళ్ళు మంత్రించుకోండి, నాకేం భయంలా" అని పోయిందంట. అప్పట్నించి మా ఊళ్ళో ఎవరు ఊరికి పోయినా, అప్పగింత సామాన్లో కుక్క చిప్ప ముందు పెడతారు, కట్టి విడిచిన కోక దండెం మీద వదులుతారు. ఆ దూడకి దూడలు, వాటికి దూడలు. మా మేనత్త పుట్టింటికి తెచ్చుకున్న బర్రె ఆ వంశమే. నుదుట చుక్కుండేది, నేను తాగా ఆ పాలు.

ఇంక ఆ వేరేవాళ్ళ సంగతి. సింగారమ్మ మనవడు కోటిలింగమని ఉన్నాడు. నా కూతురి పెళ్ళిలో విస్తట్లో అప్పడం ఆలస్యంగా పడిందని లేచిపోయినోడు. వాడు మర్చిపోయుంటాడు, నేను మర్చిపోలా. మొన్న తిరణాలలో మైకు పట్టుకుని ఇదే కత చెప్పాడు. మాలకొండమ్మ రాయితో పెట్టె తాళం పగలగొట్టి చీర తీసిందంట, వెంగమ్మ దయతలచి దూడనిచ్చిందంట! కుక్కే లేదు వాడి కతలో. జనం చప్పట్లు కొట్టారు. నాకు అక్షరాలు అంతంతమాత్రం, మైకు దగ్గరికి పోయేదానికి మోకాళ్ళు లేవు. మీరెవరన్నా చదువుకున్నోళ్ళు, గొంతున్నోళ్ళు, వచ్చే తిరణాలకి అదే మైకులో, వాడు వింటంటే, ఈ ఒక్క ముక్క సరిచేసి చెప్పండి బాబూ. పెట్టె తాళం ఎవరూ పగలగొట్టలా. గుడ్డ ఇచ్చింది కుక్క.