ఎదిరిని వెతుక్కుంటా పోయిన కుళ్ళాయప్ప

కుళ్ళాయప్ప అని ఒగడుండె. పొట్టిగా, నల్లగా ఉంటాడు, ఎప్పుడు చూసినా ఫోను పట్టుకుని దాన్ని గీకుతా ఉంటాడు. వానికి అమ్మ లేదు, నాయన లేడు, అక్క ఒగతే. ఓబులమ్మ అని. ఆయమ్మ చెనిక్కాయల పొడి చేసి సంతలో అమ్మేది. మామూలు పొడి కాదనుకో. మిరపకాయలు తానే ఏరి, చెనిక్కాయలు మంట తగ్గించి వేంచి, రోట్లో దంచి, తెల్లగడ్డ ఆఖర్న ఏసేదంట. సంతరోజు బస్సు దిగంగానే ఆ వాసన ముక్కుకి తగిలేది. ఆ పొడి మీదనే తమ్మున్ని సాకింది, చదివించింది. ఓబులమ్మ పొడి అంటే చుట్టుపక్కల ఊర్లలో ఇంగ రెండో మాట లేదు. ఆ పేరు ఒగటే వాళ్ళకుండే ఆస్తి. ఇది గుర్తు పెట్టుకోండి, కతంతా ఆ పేరు మీదనే నడుస్తాది. ఒలవండమ్మా, ఒలవండి, చెవులు నాకియ్యండి, చేతులు చెనిక్కాయలకియ్యండి.

ఏమైందంటే, ఈ కుళ్ళాయప్పకి ఒగ ఆలోచన వచ్చినాది. ఫోన్లో అంగళ్ళు కట్టిస్తానన్నాడంట. ఫోన్లో అంగడేందని అడగద్దండి, చెప్తాండా కదా. సంతలో మనం నాలుగు కట్టెలు పాతి గోనెపట్ట కట్టి కూసుంటామే, అట్లాంటి జాగా ఫోన్లో ఉంటాదనుకో. నీ పేరు, నీ సరుకు, నీ ఫోటో అన్నీ దాంట్లో ఉంటాయి. వెబ్‌సైటు అంటారంట దాన్ని. ఎవురైనా వేలితో నొక్కితే నీ అంగడి తెరుచుకుంటాది. టౌన్లో అది కట్టించుకోవాలంటే బాగా దుడ్లడుగుతారు. వీడేమో ఊరికే అన్నాడు. పేరు కొట్టి, ఫోటో పెడితే చాలు, ఎవురి అంగడి వాళ్ళే కట్టుకునేటట్ల చేసి పెట్టినాడంట. ఊరికే అంటే నీకేం మిగుల్తాదిరా అంటే, అంగడి కింద ఒగ మూల ఇంగొకరి ప్రకటన పెడతా, దుడ్లు వాళ్ళిస్తారు, మీరు హాయిగా కూసోండి అన్నాడు.

మొదటి అంగడి అక్కకే కట్టినాడు. ఆయమ్మ రోలు పక్కన కూసునుంటే ఫోటో తీసినాడు. "నాకేం తెలుసురా ఇదంతా, నీకు తెలిస్తే నాకు తెలిసినట్లే" అనిందంట ఆయమ్మ. కింద మూలకి ప్రకటన కావాల కదా. సంతలో మీకు తెలుసు, కుండలోళ్ళంతా ఒగ వరస, టమాటాలోళ్ళంతా ఒగ వరస, గాజులోళ్ళంతా ఒగ వరస. ఏ సరుకు వరసలో ఆ సరుకు. సంతలో పెరిగినోడు కదా వీడు, ఫోన్లో కూడా అట్లనే వరస పెట్టాల అనుకున్నాడు. పొడి అంగడి కింద పొడి ప్రకటనే బాగుంటాదని, టౌన్లో మిషన్లో పొడి ఆడించి ఎర్ర డబ్బాల్లో అమ్మే ఆయప్ప కాడికి పోయి అడిగినాడు. ఆయప్ప ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడంట. ఎందుకు ఎగరడూ? మీరు నవ్వుతాండారు, నాకు తెలుసు ఎందుకు నవ్వుతాండారో. వానికి మాత్రం తెలీలే.

టౌన్లో వీరన్న అని సినిమా హాలు పెట్టినాయన ఉండె. ఆట మొదలయ్యే ముందర తెర మీద చీరలంగడి బొమ్మలూ నగలంగడి బొమ్మలూ ఏసి బాగా గడించినోడు. కుళ్ళాయప్ప ఆయన కాడికి పోయి, మామా, నాకు పెద్ద మిషన్లు కావాల, జాగా కావాల, ఇంగ అందరికీ కట్టిస్తే ఆ అంగళ్ళన్నీ నా ఒగ్గని ఫోన్లో పట్టవు అన్నాడు. వీరన్న అంతా విన్నాడు. విని, "రేయ్ కుళ్ళాయీ, నీకు ఎదిరి ఎవుర్రా?" అన్నాడంట. ఎదిరి అంటే నీ ముందర నిలబడి నీ గిరాకీని లాక్కునేటోడు. నాకెవురూ లేరు మామా, నేనొగడే, అన్నాడు వీడు ఛాతీ ముందరికి పెట్టి. "అట్లయితే లేసి పో. ఎదిరి లేడంటే ఆ పనిలో సారం లేదనైనా అయ్యుండాల, నీకు కండ్లు కనపడవనైనా అయ్యుండాల. పోయి వెతుకు. ఎదిరి ఎవురో చూసుకుని వచ్చి నాకు చెప్పు. హాలు వెనక గది నీకిస్తా, మిషన్లు నేను తెప్పిస్తా" అన్నాడు. అంతే, వీడు చద్దిమూట కట్టుకుని ఎదిరిని వెతుక్కుంటా బయల్దేరినాడు. మంది ఎదిరి కనపడకుండా ఉండాలని మొక్కుకుంటారు, వీడు ఎదిరి దొరకాలని మొక్కుకున్నాడు చూడు.

పోయి పోయి పట్నం చేరినాడంట. ఆడ అద్దాల మేడలో వెబ్‌సైట్లు కట్టిచ్చేటోళ్ళు ఉండారు. లోపలంతా చల్లగా, చలికాలం మాదిరి ఉండాదంట. అన్నా, మీరు నాకు ఎదిర్లా, అని అడిగినాడు. వాళ్ళు ఒగరి మొగం ఒగరు చూసుకున్నారు. మేం పెద్ద పెద్ద కంపెనీలకి కట్టిస్తాం, దుడ్లు తీసుకుంటాం, నువ్వు పొడి అమ్మే ఆయమ్మకి ఊరికే కట్టిస్తావు, నీకూ మాకూ ఎదురేందప్పా, కాఫీ తాగి పో అన్నారు. కాఫీ తాగినాడు, బాగుండాదంట. ఆడనుంచి దావలో ఒగాయప్ప చెప్పినాడు, ఊరికే కట్టిచ్చేటోళ్ళు దూరదేశంలో ఉండారు, ఫోన్లోనే వెతుకు అని. వెతికితే ఉన్నారు. వాళ్ళు కూడా ఊరికే కట్టిస్తారు, వాళ్ళు కూడా కింద ప్రకటన పెడతారు. కుళ్ళాయప్పకి గుండె జారిపోయినాది. కానీ చూస్తే, మన దిక్కు టమాటాలమ్మే ఒగాయప్ప అంగడి కింద ఏం పెట్టినారంటే, మంచులో ఏసుకునే ఉన్ని కోటు! మన ఎండలకి ఉన్ని కోటు! వీడు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వినాడంట. వీళ్ళకి మన జనం సంగతే తెలీదు, వీళ్ళేం ఎదిర్లు నాకు, అనుకుని మళ్ళా నడిచినాడు.

తిరిగొచ్చేటప్పుడు ఒగ ఊర్లో మస్తాను కనపడినాడు. మస్తాను తెలుసు కదా మీకు, గోడలకి సున్నం కొడతాడు. ఇంటోళ్ళని దుడ్లడగడు. ముందు గోడంతా తెల్లగా కొట్టేసి, దాని మీద ఏదో సబ్బు పేరో సిమెంటు పేరో ఇంత పెద్దగా రాస్తాడు, దానికి దుడ్లు కంపెనీ ఇస్తాది. ఇంటోళ్ళకి ఊరికే సున్నం. కుళ్ళాయప్ప ఆ గోడ ముందర నిలబడి అట్లనే చూస్తా ఉండిపోయినాడంట. ఇది నా పనే కదా! "మస్తానన్నా, నువ్వే నాకు ఎదిరివి!" అని గట్టిగా అరిచినాడు. మస్తాను నిచ్చెన మీద నుంచి ఉలిక్కిపడి, ఎదిరేందప్పా, నేనేం చేస్తిని నిన్ను, అన్నాడు. వీడు అంతా చెప్పినాడు. ఆయన కిందికి దిగి బీడీ ముట్టించి, "నీకు ఫోన్లు ఉండాయి, నాకు గోడలు ఉండాయి, ఇద్దరికీ చాలినన్ని ఉండాయిలే. ఒగటి చెప్తా విను. ఒగసారి సీకాయపొడి అమ్ముకునే ఆయమ్మ గోడకి సున్నం కొట్టి, దాని మీద షాంపూ పేరు రాస్తిని. ఆయమ్మ చీపురు తీసుకుని నన్ను ఊరి బయట దాకా తరిమె. సున్నం తట్ట ఆడనే వదిలేసి పరిగెత్తితి" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారంట. కుళ్ళాయప్ప కూడా నవ్వినాడు! నవ్వి, అక్కకి చెప్పాల ఈ సంగతి అనుకున్నాడు. అంత విని కూడా వాని తలకెక్కలే.

ఆరోజు సంత. ఎదిరి దొరికినాడని సంబరంగా నేరుగా అక్క కాడికి పోయినాడు. చూస్తే ఆయమ్మ గోనెపట్ట నీడలో కూసునుండాది, పొడి గంపలు నిండుగా అట్లనే ఉండాయి. ఎప్పుడూ ఆ వేళకి ఖాళీ అయిపోయేవి. ఏంటికక్కా అంటే, ఏమోరా, మూడు సంతల నుంచి ఇట్లనే ఉండాది, ఎవురూ రాలేదు అనింది. వీడు నీడలోకి పోయి అక్క పక్కన కూసున్నాడు. అంతలో కుట్టుమిషను పుల్లమ్మ వచ్చింది. ఆయమ్మ ఎన్నో ఏండ్ల నుంచి ఓబులమ్మ పొడి తప్ప ఇంగొకటి ముట్టి ఎరగదు. వచ్చి ఏమనిందంటే, "ఓబులక్కా, నీ పొడి ఏందే ఇట్లయిపోయ? ఉప్పు ఎక్కువ, చెనిక్కాయ వాసనే లేదు. నీకు వయసయిపోయ, చేతి కుదురు పోయ అని మా ఆయన అంటాండాడు. ఏమనుకోవద్దు, మా ఇంటికి ఇంగ వద్దులే" అనింది. ఓబులమ్మకి మొగం మాడిపోయినాది. నా పొడి నువ్వెప్పుడు కొంటివి పుల్లమ్మా, సంతకే రాలేదు కదా నువ్వు, అనింది. "ఫోన్లో కొంటి కదక్కా! నీ ఫోటో నొక్కితిని, కింద ఎర్ర డబ్బా వచ్చె, దాన్ని నొక్కితే ఇంటికే తెచ్చిచ్చిరి. నీదే అనుకుంటి" అని ఫోను తీసి చూపించింది.

కుళ్ళాయప్ప ఆ ఫోనులోకి చూసినాడు. పైన వాళ్ళక్క రోలు పక్కన కూసుని నవ్వుతా ఉంది. కింద ఎర్ర డబ్బా. అప్పుడు ఎక్కిందమ్మా వాని తలకి. గిరాకీ పోతే పోయె, అక్క పేరు పోయినాది. ఇంతకాలం దంచి దంచి నిలబెట్టుకున్న పేరు, ఎవురిదో ఉప్పుపొడి డబ్బాకి తగిలించి ఇంటింటికీ పంపించినాడు వీడు. అక్కా, పొడి పక్కన పొడి ఉంటే వరస కుదురుతాదనుకుంటి, అన్నాడు. ఆయమ్మ అరవలేదు, తిట్టలేదు. మెల్లగా అనింది, "వరస సరేరా. ఈ సంతలో ఎండకి తట్టుకోలేక ఎవురైనా నా పట్ట కిందికొస్తే నేను జరిగి జాగా ఇస్తా. వాళ్ళు కూడా పొడి అమ్మేటోళ్ళే అయినా ఇస్తా. కానీ నా నీడలో కూసున్నంతసేపు వాళ్ళు కేకెయ్యరు. నా ముందరికొచ్చిన గిరాకీని పిలవరు. ఇది సంతలో ప్రతి ఒగరికీ తెలుసు, నువ్వు నా ఒడిలో పడుకుని చూసినావు. నా నీడలో కూసుని నా గిరాకీకి కేకేసేటోన్ని నువ్వే తెచ్చి కూసోబెడితివా?" అని, ఎండ దిక్కు చెయ్యి చూపించి, "లెయ్. నా పట్ట కింద నుంచి లేసి పో" అనింది.

లేసి ఎండలోకి పోయినాడు. ఆయమ్మ అప్పుడు లేసి నిలబడి, కొంగు నడుముకి చుట్టి, సంతంతా వినపడేటట్ల కేకేసింది. "ఫోన్లోది నాది కాదమ్మో! ఎర్ర డబ్బా నాది కాదు! దాన్ని నొక్కద్దండి, నా పొడి నా చేతిలోనే ఉండాది!" ఆయమ్మ గొంతు తెలుసు కదా, ఆ పక్క ఎనుముల సంత దాకా వినపడినాదంట. కుళ్ళాయప్ప అట్లనే టౌనుకి పోయి, ఎర్ర డబ్బా ఆయప్పతో తెగతెంపులు చేసుకుని, ఆ ప్రకటన తీసేసినాడు. తీసేస్తే మాత్రం పోయిన పేరు వస్తాదా? తర్వాతి సంతకి మళ్ళా వచ్చినాడు. పట్ట కిందికి పోలేదు. పట్టకి బయట, ఎండలో నిలబడి, వాడూ కేకేసినాడు. "ఎర్ర డబ్బా మా అక్కది కాదు! తప్పు నాది! మా అక్క పొడి ఇదే, నోట్లో ఏసుకుని చూడండి!" గొంతు బొంగురు పోయినాది. సిగ్గు కూడా అయినాది, వానితో చదువుకున్నోళ్ళు ఆ పక్కనే సైకిళ్ళు ఆనించుకుని చూస్తాండిరి. పుల్లమ్మ వచ్చింది, చిటికెడు నోట్లో ఏసుకుంది, పొట్లం కట్టించుకుంది. ఇంగొకామె వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చినాది. వాడు మాత్రం కదలలేదు. అప్పుడు ఓబులమ్మ గంపలు కొంచెం జరిపి, "ఎండలో ఎంతసేపు నిలబడతావు, సచ్చిపోతావు, లోపలికి రా" అనిందంట. ఆ మాటకి వానికి ఏడుపొచ్చింది. పోయి కూసున్నాడు, కానీ కేకెయ్యలేదు. నీడలో కూసునుండాడు కదా.

తర్వాత వీరన్న కాడికి పోయినాడు. ఏమ్రా, దొరికినాడా ఎదిరి, అన్నాడు ఆయన. దొరికినారు మామా, అద్దాల మేడోళ్ళని చూస్తి, ఉన్ని కోట్లోళ్ళని చూస్తి, మస్తానన్నని చూస్తి, వాళ్ళెవురితోనూ నాకు బయం లేదు, అన్నాడు. "మరి ఎవురితో బయం?" "మా అక్కతో మామా. నేను కట్టిచ్చిన అంగడి నాకొద్దు అని సంతలో నిలబడి ఒగ కేకేస్తే చాలు, ఇంగెవురూ నా దాంట్లోకి రారు. ఆ కేక ముందర ఏ అద్దాల మేడా నిలబడదు." వీరన్న నవ్వుతాడేమో అనుకున్నాడు వీడు. ఆయన నవ్వలేదు. మరి ఆ నోరు ఎట్ల మూయిస్తావు, అన్నాడు. "మూయించను మామా. ఎవురి అంగడి కింద ఏం పెట్టాలో వాళ్ళనే అడిగి పెడతా. ఒగరి నీడలో ఇంగొకరి కేక ఉండదు." ఆ మాట వినినాక వీరన్న గది తాళంచెవి తీసి వాని ముందర పెట్టినాడంట. ఇప్పుడు ఓబులమ్మ అంగడి కింద ఏముండాదో తెలుసా? మస్తాను సున్నం. ఆయమ్మే పెట్టమనింది, నా ఇంటి గోడకి చక్కగా కొట్టినాడురా అని.

అదమ్మా కత. ఆ కుళ్ళాయప్ప మొన్న ఈ దావనే పోతా నా కాడికొచ్చినాడు. పెద్దమ్మా, నీ కతలకి కూడా ఫోన్లో ఒగ అంగడి కట్టిస్తా, దేశమంతా వింటాది అన్నాడు. సరే నాయనా, కింద ఏం పెడతావు అంటి. నిన్ను అడగకుండా పెట్టను పెద్దమ్మా, ఇంగొకరి కత మాత్రం పెట్టను, నీ నీడలో కేక ఉండదు అన్నాడు, బాగా తెలిసినోని మాదిరి. అంతా ఆలోచించుకునే వచ్చినాడంట, "చెనిక్కాయలు ఒలిచే మిషను ప్రకటన ఉండాది పెద్దమ్మా, అది పెడదామా?" అన్నాడు. ఆ మిషను మాట దాటేస్తి. పిలిచి కూసోబెట్టి మజ్జిగిచ్చి పంపిస్తి. మీ చేతులకి ఈ పని లేకపోతే నా నోటి ముందర కూసునేది ఎవురు చెప్పండి? వానికి ఎదిరి ఎవురో ఇంగా పూర్తిగా తెలీలేదమ్మా. ఏయ్, ఆ గంపలో ఇంగా సగం ఉండాయి, నవ్వింది చాలు, ఒలవండి.