కండక్టరు జకరయ్య వాకిట్లో బిళ్ళల తెర

ఏందీ ప్రవళికా, మందు ధర ఫోన్లో సూస్తాండావా? పోయినేడాది ధర కూడా సూపిస్తాదా? బాగుండాది. మన ఆళ్లగడ్డలో ఒకప్పుడు అది సూపించేది కండక్టరు జకరయ్య వాకిలి. నంద్యాల బస్సులో టికెట్లు కొట్టి కొట్టి రిటైరైనాడు ఆయప్ప. ఇంట్లో భార్య దానమ్మను కూడా 'ముందుకు జరుగు, ముందుకు జరుగు' అనేటోడు. దానమ్మకు బీపీ. రోజూ ఒక బిళ్ళ, బతికినంత కాలం మింగాలనె నంద్యాల డాక్టరు. ఆయమ్మ కొన్నాళ్లు మింగి, 'నెలనెలా ధర పెంచుతాండారు, వాళ్లు పెంచితే నేను తగ్గిస్తా' అని దినం మార్చి దినం మింగబట్టె. పక్కింటి జీవమ్మ ఊరుకుంటాదా? 'వారానికొకటి సాలులే అక్కా, నేను ఆదివారమే మింగుతా' అనె. ఆదివారం జీవమ్మ చర్చిలో నిద్రపోతాది, అది వేరే సంగతి. ఒకసారి పాట పాడతా పాడతా దానమ్మ దబ్బున కూలబడె. పాస్టరు ఆత్మ దిగిందనుకున్యాడు. దిగింది ఆత్మ కాదు, ఎక్కింది బీపీ అని జకరయ్యకు తెలుసు.

ఆ రోజు నుంచి ఆయప్పకు ఒకటే గుబులు. ధర పెరగలేదని దీనికెట్ల సూపించాల, దీంతో బిళ్ళ ఎట్ల మింగించాల. మనూర్లో బిళ్ళల షీటంతా ఎవరు కొంటారు పాపా? నాలుగియ్యి, ఆరియ్యి అంటాం. మందులంగడి సుబ్బరాయుడు కత్తెరతో కచక్కున కత్తిరిస్తాడు, ధర అచ్చేసిన కొన అంగట్లోనే ఉండిపోతాది. 'ఆ కొన నాకియ్యప్పా' అని జకరయ్య. 'కొన ఇస్తే మిగిలింది ఎవరు కొంటారు మామా, తోక లేని బర్రెను అమ్మినట్టుంటాది' అని సుబ్బరాయుడు. సరేలే అని షీటంతా కొనబట్టె. ఖాళీ షీటును గోనెదారానికి కుచ్చి వాకిలికి తెర మాదిరి యాలాడగట్టె. పాతది పైన, కొత్తది కింద. వీధిలో వాళ్ల ఖాళీ షీట్లు కూడా అడుక్కొచ్చె. 'ఏమప్పా, క్రిస్మస్ జూన్లోనే వచ్చెనా' అంటి నేను. టికెట్టు లేనోణ్ని సూసినట్టు సూసె.

కొన్నాళ్లకు కింది షీటు ధర ఒక్కసారిగా ఎగిరె. 'నేను సెప్పలే' అని దానమ్మ బిళ్ళ పక్కన పెట్టె. జకరయ్య దారం తెంపుకొని అంగడికి ఉరికె. వెనక మేమంతా, పనేముండాది మాకు. 'దోచుకుంటాండావు గదరా' అని ఆయప్ప అరుస్తాంటే, 'అరవాకు మామా, బిళ్ళలు ఎంచు' అనె సుబ్బరాయుడు. పాత షీటులో పది, కొత్త షీటులో పదైదు. కంపెనీ షీటే పెద్దది చేసినాది. పాపం, బస్సులో ఏండ్లకేండ్లు తలలు ఎంచినోడు బిళ్ళలు ఎంచలే.

ఇంటికొచ్చి అన్నీ ఇప్పి మల్లా కట్టె. షీటు ధర కాదు, ఒక్క బిళ్ళ ధర సూడాలనె. పైన పెద్దగా రాసిన పేరు కాదు, కింద సన్నక్షరాల్లో ఉండే మందు పేరూ, పవరూ కలిస్తేనే ఒక దారానికి ఎక్కించాలనె. 'బనగానపల్లె మామిడికాయను అవుకు చేపతో పోల్చి ధర పెరిగిందంటే ఎట్లప్పా' అని వచ్చినోళ్లకంతా పాఠం. అట్ల సూస్తే దానమ్మ బిళ్ళ పెరిగింది రవ్వంతే. అంగట్లో ఒక్కోసారి ఒక్కో కంపెనీది ఇయ్యబట్టి ఆయమ్మకు అట్ల అనిపించె.

ఇంత చేస్తే దానమ్మ సూసిందా? లే. దారాలు సగం వాకిలికే వచ్చినాయి. 'ఈ పక్క ఈగలు రావడం లే, ఆ పక్క వస్తాండాయి' అనె. ఆ సగం నింపాలని రోజూ బిళ్ళ మింగబట్టె. 'ధర సూడే' అని ఆయప్ప బతిమాలాడె. 'సూస్తాలే, ముందు నిండనీ' అని ఈయమ్మ. నిండె. గాలికి గలగలమంటాంటే ఆయమ్మ ఒకటే నవ్వు. ఆయప్ప కుర్చీ ఏసుకుని, ఒక్కరూ ధర సదవని తెరకు కాపలా.

పోయినాడులే, నువ్వు పలక పట్టకముందే. దానమ్మ గుండ్రాయి లెక్క ఉండాది. మొన్న పోయి, 'ఈసారి ధర నిజంగానే పెరిగిందంట దానమ్మా, తగ్గిస్తావా' అంటి.

'పెరగనీ అన్నా, ఇంగా కిటికీ నింపేది ఉండాది' అనె.

ఆ ఫ్యాను ఇట్ల తిప్పు పాపా, ఉక్కపోస్తాంది.