వాల్వు తెరవనన్న సారంగపాణిగారు

1954వ సంవత్సరం జూన్ 21వ తేదీన శ్రీ సారంగపాణిగారు తిరుపతిలోని మన కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ప్రయోగశాల సహాయకులుగా చేరారు. ముప్పైరెండేళ్ల నిరంతర సేవ అనంతరం ఈ 1986 ఆగస్టు 31న పదవీ విరమణ చేస్తున్న ఆ సహృదయులను గురించి రాయమని సంచిక సంపాదకులు కోరినప్పుడు, ఒకప్పటి విభాగాధిపతినైన నాకు ఆనందంతోపాటు కొంత బెరుకు కూడా కలిగింది. ఆ బెరుకుకు కారణం దాచకుండా చెప్పాలనే కలం పట్టాను.

ఆలయ కైంకర్యపరుల వంశంలో జన్మించిన ఆయన, తండ్రిగారికి నచ్చకపోయినా ఈ ఇనుప సామాను మధ్యకు వచ్చారు. తొలి తొమ్మిదేళ్లు త్రాసులు, కటకాలు తుడిచి భద్రపరిచారు. 1963లో మెకానిక్ అయ్యారు. 1966లో మద్రాసులోని ఒక వాయు కర్మాగారంలో ఆరు మాసాలు శిక్షణ పొంది, అధిక పీడన వాయువులను పరికరాల్లో సురక్షితంగా నింపే విద్యను క్షుణ్ణంగా నేర్చుకుని వచ్చారు. నాటి నుంచి మన విభాగంలో ఆయన చేయి పడనిదే ఏ సిలిండరూ తెరుచుకోలేదు.

ఆయన పద్ధతి చూసి తీరవలసిందే. ముందుగా ఆచార్యులతో సహా అందరినీ వరండాలోకి పంపేవారు. గొట్టాల అతుకులన్నిటికీ కుంచెతో కుంకుడు నురుగు పూసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని చూసేవారు. పీడనమాపకం అద్దానికి ఎదురుగా కాక పక్కకు నిలబడి, వాల్వును పావు చుట్టు తిప్పి, మెల్లగా ఒక పాశురం చదువుకునేవారు. అది పూర్తయ్యాకే మరో పావు చుట్టు. విద్యార్థులు ఆ గదిని గర్భగుడి అనీ, ఆయనను అర్చకస్వామి అనీ ఆట పట్టించేవారు. వారి ధర్మపత్ని శ్రీమతి వకుళాదేవిగారు, "మా తలలకు లేకపోయినా ఆ గొట్టాలకు కుంకుడుకాయలు ఉండాల" అని నవ్వేవారు.

ఇక 1978 దసరా సంగతి. పూతలపట్టు రైతుబిడ్డ యశోద అప్పుడు నా వద్ద పరిశోధన చేస్తుండేది. రెండు చివరలా దళసరి స్ఫటికపు అద్దాలు బిగించిన ఉక్కు గొట్టంలో ఆక్సిజన్‌ను అధిక పీడనంతో నింపి, దాని గుండా కాంతిని పంపి కొలతలు తీయాలి. సిద్ధాంత గ్రంథానికి కావలసిన ఆ కొలతలు ముగించే గడువుకు నాలుగు రోజులే మిగిలాయి. గడువు దాటితే ఇంటికి వచ్చేయమని వాళ్ల నాయన ఉత్తరం రాశారు. సారంగపాణిగారు తల్లిగారి ఆబ్దికానికి చిత్తూరు వెళ్లిన రోజున మేము ప్రయోగశాలలో ఆయుధపూజ చేసుకున్నాం. నేనే స్వయంగా కుంకుమను దీపపు నూనెలో రంగరించి, సిలిండరు మూతికీ దాని బిగింపులకూ ఘనంగా బొట్లు పెట్టాను. అధిక పీడనపు ఆక్సిజన్ నూనెను తాకితే నిప్పు లేకుండానే భగ్గుమంటుందని ఏటా పాఠం చెప్పే మనిషిని నేను.

మర్నాడు ఉదయం యశోదతో సహా మేము ఐదుగురం గదిలో ఎదురుచూస్తుండగా ఆయన వచ్చి, మూతి దగ్గర వేలితో తాకి, వాసన చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"సార్, దీన్ని నేను తెరవను. నూనె తగిలుండాది."

"దేవుడికి పెట్టిన బొట్టును తప్పు పడుతున్నారా?" అన్నాను.

"బొట్టు తప్పు కాదు సార్, దాంట్లో నూనె."

"తుడిస్తే పోతుంది కదా."

"పైది పోతాది. లోపల యాడిదాకా పోయిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. తెరిస్తే ఈడ నిలబడినోళ్లు ఎవురూ మిగలరు."

యశోద కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, నీ పుస్తకం నువ్వు రాయాలంటే ముందు నువ్వుండాల గదా" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నమే, విధి నిర్వహణకు నిరాకరించారని ఆయనపై ఫిర్యాదు రాసి పై కార్యాలయానికి పంపాను. ఆయన మాత్రం ఆ సిలిండరును, బిగింపులను లారీలో వేయించుకుని, తామూ డ్రైవరు పక్కన కూర్చుని మద్రాసు వెళ్లారు. మూడో రోజు ఉదయం కొత్త సిలిండరుతో దిగి, స్నానమైనా చేయకుండా పని మొదలుపెట్టారు. వరండాలో నిలబడిన నాకు తలుపు వెనక నుంచి పాశురం వినబడుతుంటే కోపమంతా కరిగిపోయింది. నాలుగో రోజు సాయంత్రానికి యశోద కొలతలన్నీ పూర్తయ్యాయి.

కోపం కరిగినా ఫిర్యాదును వెనక్కి తీసుకోలేదు. తప్పు నాదని రాయడానికి చేయి రాలేదు. రేపు చూద్దామనుకుంటూ ఏళ్లు గడిపేశాను. దానివల్ల 1979లో రావలసిన పదోన్నతి ఆయనకు 1983లో వచ్చింది. "మా ఇంటాయనకు ఎందుకు రాలేదు సార్?" అని వకుళాదేవిగారు ఒకనాడు అడిగితే, "నిబంధనలమ్మా" అని తప్పించుకున్నాను. అమ్మా, అది అబద్ధం. ఈ సంచికలో అందరూ చూసేలా మీకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

పోయిన నెల ఆ ఫిర్యాదు నకలు పట్టుకుని వారింటికి వెళ్లాను. సారంగపాణిగారు కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదివి, మడిచి నా చేతికే ఇచ్చారు. ఆ సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసట.

"ఆ పొద్దు మీరు కోప్పడినారు సార్. కోప్పడేదానికి మీరు మిగిలినారు గదా, నాకు అంతే చాలు," అన్నారు.



యశోద నేడు చిత్తూరులో అధ్యాపకురాలు, ఇద్దరు బిడ్డల తల్లి. ఆ ఉదయం ఆ గదిలో ఉన్న ఆరుగురమూ నేటికీ క్షేమంగా ఉన్నాం. శ్రీ సారంగపాణిగారు వకుళాదేవిగారితో కలసి సంపూర్ణ ఆరోగ్యంతో, ప్రశాంతచిత్తంతో చిరకాలం వర్ధిల్లాలని ఆ శ్రీనివాసుణ్ణి ప్రార్థిస్తున్నాను. ఆయువు చాలని పక్షంలో నాకు మిగిలినదానిలోంచి తీసి ఆయనకు ఇవ్వమని కూడా వేడుకుంటున్నాను. అది ఎటూ ఆయన ఇచ్చిందే.